ఆఫీసరు కోసం నిలబెట్టిన చేను

పోయిన వారం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంటు కింద కూరగాయల బండి దగ్గర బీన్స్ ఏరుకుంటుంటే ఫోను టింగుమంది. చూస్తే, రైతుగా నాకు రావలసిన ప్రభుత్వ సాయం నా ఖాతాలో పడిందట. కుండీలో కరివేపాకు మొక్కను కూడా బతికించలేని దాన్ని, నేను రైతునెప్పుడయ్యానని మడకశిర పక్క మా ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోను చేశాను. "నాయన చేనులో సగం నీ పేరున ఉండాది కదక్కా, నేనే రాయించినా, సుమ్మనె, ఏమీ అనకుండా తీసుకో," అన్నాడు. మరి దున్నేదీ విత్తేదీ గుత్తకు, అంటే కౌలుకు తీసుకున్న మా ఊరి మామ కదా, ఆయనకేం వచ్చిందంటే, ఆయన పేరున భూమి లేదు కాబట్టి ఏమీ రాలేదన్నాడు. ఈ డబ్బు ఆయనకే రావాలని చాలాసేపు వాదించాను. గెలిచింది నేనే, కానీ ఏం గెలిచానో మాత్రం అర్థం కాలేదు.

ఇట్లాంటి అయోమయంలో నేను చిన్నప్పుడూ ఒకసారి పడ్డాను, అది ఇంతవరకూ తీరలేదు. చెనక్కాయ, అదే వేరుశనగ పండే సీమలో పెరిగిన నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన మొహం చాటేస్తే చేను నిలువునా ఎండిపోతుంది, ఆకు రాలకముందే పీకి, కట్టెను అంటే ఆ ఎండు మొక్కలను వామి వేసుకుంటే, కాయ లేకపోయినా పశువులకు మేతయినా దక్కుతుంది. ఆ యేడు అట్లాగే ఎండింది. అంతలో, పంట పోయినవాళ్ళకు ప్రభుత్వం సాయం ఇస్తుందనీ, ఆఫీసర్లు వచ్చి చేను చూసి రాసుకుంటారనీ, పీకేసిన చేనును రాసుకోరనీ ఊళ్ళో మాట పుట్టింది. ఇంకేముంది, ఊరంతా చచ్చిన పంటను పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి జీపు కోసం ఎదురుచూసింది.

మా కొట్టంలో రెండెద్దులు, పాత వామి అప్పటికే అడుగంటింది. పీకితే సాయం పోతుందని నాయన, పీకకపోతే ఎద్దులు పోతాయని అవ్వ. నాకీ నోరు ఎక్కడినుంచి వచ్చిందని మా ఆయన అడుగుతుంటాడు గానీ, ఆయన మా అవ్వను చూడలేదు. "ఎండిన చేనే చూపియ్యల్లనా, కడుపెండిన ఎద్దును చూపిస్తే చాలదేమిరా?" అని ఆమె. "ఎద్దును రాసుకోరమ్మా, చేనునే రాసుకుంటారు," అని నాయన. "అయితే నీ ఆఫీసరునే కాడికి కట్టి దున్నుకో పో!" అని అవ్వ.

జీపు రాలేదు. ఆకంతా రాలి పుల్లలు మిగిలాయి, ఆ తర్వాత ఎవరికీ అక్కరలేని వాన కురిసి ఆ పుల్లలు కూడా నల్లగా కుళ్ళిపోయాయి. డొక్కలు ఎండిన ఎద్దులు పడిపోకముందే నాయన వాటిని సంతకు తోలుకుపోయి, చేతిలో పగ్గాలతో తిరిగొచ్చాడు.

అప్పుడొచ్చారు ఆఫీసర్లు. చాలా మర్యాదస్తులు; చావడిలో కూర్చుని కాఫీ తాగి, ఒక్కో చేను చూడాల్సిన పని లేదనీ, ఊరు మొత్తానికీ ఒకటే లెక్కనీ చెప్పి, రహస్యంగా పీకి మేపుకున్నవాళ్ళను కూడా కలిపి అందరికీ రాసుకుపోయారు. మరి పీకొద్దని చెప్పిందెవరు? నాయన హోటల్లో విన్నానన్నాడు, హోటలాయన బస్సు డ్రైవరు చెప్పాడన్నాడు, డ్రైవరు తనకసలు గుర్తే లేదన్నాడు. కాలేజీకి వచ్చాక లెక్చరర్లతో, ఉద్యోగంలో చేరాక తోటివాళ్ళతో కూడా ఈ సంగతి మీద పోట్లాడాను. తప్పు ఎవరిదో ఒక్కరూ తేల్చలేదు. సాయం అందిన రోజు నాయన సంతోషపడాలో ఏడవాలో తెలియనివాడిలా ఖాళీ కొట్టం ముందు కూర్చున్నాడు.

ఇప్పుడు భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలోనే డబ్బు పడుతుంది, పంటను నిలబెట్టుకుని ఎవరూ కాచుకోనక్కర్లేదు, అది మంచిదే, కాదనను. కానీ ఆ రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి తమ చేను కళ్ళారా చూస్తారని ఊరంతా నమ్మింది. ఈ యేడు మామ వేసిన పంట పండిందో ఎండిందో సాయం ఇచ్చినవాళ్ళకు తెలియదు, తీసుకున్న నాకూ తెలియదు.