రాత్రి నిండిన బ్యాటరీ

మీటరు ముల్లు ఎడమ నుంచి లేచింది. నడిమి గీత దాటింది. మెల్లగా కుడివైపుకు వాలింది... నేను చూస్తుండగానే. బయట చీకటి. తుంపర. తెల్లవారడానికి ఇంకా చాలాసేపుంది.

కల్పించి చెప్పడం నాకు చేతకాదు. చూసింది చూసినట్టు రాసి బందరు నుంచి పత్రికకు పంపడమే అప్పట్లో నా ఉద్యోగం. ఇదీ అలాగే చెబుతున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి.

దివిసీమలో ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడు. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే, పడవలో తప్ప చేరలేని ఓ పల్లె. పడిపోయిన కరెంటు స్తంభాలు పడినట్టే ఉన్నాయి. అక్కడ ఒక పాకలో వైద్య శిబిరం నడిచేది. దానికి ఎవరో పరిశోధకులు హైదరాబాదు నుంచి తెచ్చి ఒక సోలార్ పలక ఇచ్చి వెళ్లారు. చిన్న చాపంత ఉంటుంది. ఇద్దరు ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. పగలు ఎండలో పెడితే లారీ బ్యాటరీ నిండుతుంది. రాత్రి దానితో దీపం వెలుగుతుంది. ఊళ్లోవాళ్లు దాన్ని ఎండద్దం అనేవారు. దాని మీద వార్త రాద్దామనే నేను వెళ్లాను.

దాన్ని చూసుకునేది ఖాదర్, బందరులో రేడియోలు బాగుచేసే మెకానిక్. శిబిరం బాధ్యత గుడివాడ నుంచి వచ్చిన నర్సు రూతమ్మ గారిది.

ఆ బ్యాటరీకే ఒక రేడియో తగిలించి, ఊరందరికీ వినపడేలా మైకు కట్టారు. వాతావరణ వార్తలు వినకుండా అక్కడెవరూ పడుకునేవారు కాదు. ఉప్పెన చూసిన మనుషులు మరి. మబ్బు పట్టిందంటే రేడియో ఆపనిచ్చేవారు కాదు. కానీ మబ్బు పడితే బ్యాటరీ నిండదు. నేను వెళ్లేసరికి ముసురు పట్టి ఉంది. రేడియో మోగుతూనే ఉంది.

ఆ రాత్రి నాంచారమ్మ అనే ఆమె ప్రసవించింది. ఆడపిల్ల. పిల్ల బాగానే ఉంది. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. లోపల ఎక్కడో చిరిగింది, కుట్టాలి. అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకువెళ్దామంటే, సముద్రపు పోటు వస్తే గాని కాలవలోకి పడవ రాదు. ఆమె భర్త రేవులో కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాడు.

అప్పుడు దీపం పచ్చబడింది. కాసేపటికి ఎర్రబడింది.

“లాంతరు తెమ్మంటారా?” అన్నాను.

“లాంతరు వెలుతురులో నెత్తురూ నీడా ఒక్కలాగే ఉంటాయండీ. ఎక్కడని కుట్టను?” అన్నారు రూతమ్మ గారు, తల ఎత్తకుండానే. “ఊరంతా చేరి రేడియో విన్నారుగా. ఇప్పుడు ఆ రేడియోనే వచ్చి వెలుతురు పట్టమనండి.”

“ఏం చెయ్యనమ్మగారూ?” అన్నాడు ఖాదర్. “కట్టేస్తానంటే నన్ను కాలవలో తోసేట్టున్నారు.”

దీపం ఎర్రబడగానే, ఊరివాళ్లు ఏమన్నా కానీ అని రేడియో తీగ పీకేశాడు. ఇక చేసేదేమీ లేదు. పాక వాకిట్లో బ్యాటరీ పక్కన గొంతుకూర్చుని, టార్చి పట్టుకుని మీటరే చూస్తున్నాడు. ముల్లు ఎడమకు ఉంటే బ్యాటరీ ఖర్చవుతున్నట్టు, కుడికి ఉంటే నిండుతున్నట్టు.

“సార్... ఇలా రండి.”

వెళ్లాను.

“ఎక్కుతోంది సార్.”

“ఏం ఎక్కుతోంది?”

“ఛార్జి.”

లోపల దీపం తెల్లబడింది. ఒక్కసారిగా కాదు... పొద్దెక్కినట్టు, కొంచెం కొంచెంగా. “ఆఁ, అలా ఉంచు, అలాగే ఉంచు,” అన్నారు రూతమ్మ గారు. మేం ఏదో చేశామనుకున్నారు. మేం ఏమీ చెయ్యలేదు.

బ్యాటరీ నుంచి పోయే తీగ వెంట టార్చి వేసుకుంటూ బయటికి నడిచాం. పలక పెరట్లో వెదురు బల్ల మీద ఉంటుంది. ఉప్పుగాలి తగలకుండా సాయంత్రం దాని మీద ధాన్యం రాశులపై కప్పే బరకం కప్పి, నాలుగు మూలలా తాళ్లు కట్టేవాళ్లు. ఆ రోజూ కట్టారు. ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

ముందు వాసన తగిలింది. నడివేసవి మధ్యాహ్నం... ఎండకు కాగిన తారు వాసన. దగ్గరికి వెళ్లాను. చుట్టూ తాటాకుల మీద తుంపర చప్పుడు వినిపిస్తోంది. బరకం మీద చప్పుడు లేదు. టార్చి వెలుగులో చూస్తే, చినుకు పడ్డ చోటల్లా సన్నగా ఆవిరి లేస్తోంది.

చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. వెంటనే తీసేశాను... మళ్లీ పెట్టాను. వెచ్చగానే ఉంది.

ఖాదర్ ఒక మూల తాడు పట్టుకున్నాడు.

“అమ్మగారూ,” అని కేకేశాడు, “కింద ఏదో ఉంది. విప్పి చూస్తాను.”

“ఆ ముడి ముట్టుకున్నావంటే ఊరుకోను, ఖాదర్!” లోపలి నుంచి జవాబు వచ్చింది. “సూది లోపలుంది నాకు. వెలుగుతోందిగా? వెలగనీ. ఏదైతే నీకెందుకు?”

ఖాదర్ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. తాడు వదిలేశాడు.

చెరో పక్కన నిలబడ్డాం. ఒకటి రెండుసార్లు బరకం అంచు గాలికి కాస్త లేచింది. ఇద్దరం చూపు తిప్పుకున్నాం. లోపల పిల్ల ఏడ్చింది, ఊరుకుంది. రూతమ్మ గారు నాంచారమ్మను పలకరిస్తూనే ఉన్నారు. “పడుకోకే, నాతో మాట్లాడు... నీ మొగుడి మీద కోపముంటే ఇప్పుడే తిట్టుకో...” ఆమె ఏదో గొణిగింది. రూతమ్మ గారు నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఊపిరి తీసుకున్నాను.

పోటుతో పాటు పడవ వచ్చింది. అప్పటికి రక్తం ఆగింది. తల్లినీ పిల్లనూ ఎక్కించి మేం తిరిగి వచ్చేసరికి, రోజూ పలక తుడిచే ముసలమ్మ బరకం తీసేసి, మడత పెడుతోంది.

“ఎలా ఉందమ్మా అద్దం?” అన్నాను.

“ఎట్టా ఉంటది బాబూ? చల్లగా ఉంది.”

పొద్దు ఇంకా పొడవలేదు. ఖాదర్ బ్యాటరీ పరీక్షించాడు. నిండుగా ఉంది.

తర్వాత ఆ మీటరు తన కొట్టుకు తీసుకువెళ్లి విప్పి చూశాడు. లోపమేమీ లేదన్నాడు. రేడియో తీసేశాక బ్యాటరీ కాస్త తేరుకుని ఉంటుందని ఒక ఇంజనీరు చెప్పారు. దీపం వెలుగుతుండగా తేరుకోవడం మాత్రం తానూ వినలేదన్నారు. పలక ఇచ్చినవాళ్లు, రాత్రిపూట ఛార్జి ఎక్కదని జవాబు రాశారు. అది మాకూ తెలుసు. నాంచారమ్మ బతికింది. దీపం తెల్లవార్లూ వెలిగిందని వార్తలో రాశాను. ఎలాగని పత్రికలో ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి బరకం కింద ఏముందో చూసినవాళ్లు లేరు. చూడాలనుకుంటే మాకు తెల్లవార్లూ సమయం ఉంది.