హ్యాండిల్ మెడలో చెప్పుతోలు

దేవరకొండ దిక్కు గుట్ట మీదున్న దళానికి సంఘం నన్ను పంపినప్పుడు వానాకాలం మొదలైంది. ముసురు. బండల మీద కాలు నిలిచేది కాదు. నా వెంట ఒక గొంగడి, ఒక చీర, జొన్నరొట్టెల మూట. తుపాకి తర్వాత ఇస్తామన్నారు. నిజాం రాజ్యానికి ఇంక ఏడాదే ఉందని అప్పుడు ఎవరికి తెలుసు.

గుహ పక్కన తాటాకుల కింద ఒక మోటారు సైకిలు ఉండేది. పారిపోయిన దొర గడీలోంచి తెచ్చింది. నడిపేవాడు నకిరేకల్‌లో బస్సులు బాగుచేసిన సాయిబు. అందరం భాయ్ అనేవాళ్లం. పెట్రోలు సీసాల్లో వచ్చేది. ఊరికే బండిని స్టార్టు చేస్తే నాకు కోపం వచ్చేది.

ఆ బండికి ఒక జబ్బు. రాళ్ల బాటలో వేగం అందుకోగానే ముందు చక్రం తలాడించేది. హ్యాండిల్ చేతుల్లోంచి గుంజుకునేది. భాయ్ ఒకసారి పడి మోచేయి పగలగొట్టుకున్నాడు. హ్యాండిల్ మెడ దగ్గర డాంపర్ అని ఒకటి ఉంటుందని నాకు చూపించాడు. రెండు ఇనుప రేకులు, నడుమ బిళ్లలు, పైన తిప్పే పిడి. పిడి బిగిస్తే బిళ్లలు హ్యాండిల్‌ను అదుపులో పట్టి ఉంచుతాయి. మా బండిలో ఆ బిళ్లలు అరిగి పొడి అయిపోయాయి.

వానలు వెనకబట్టాక ఒకనాడు పొద్దున ఎదురుకాల్పుల్లో మా వంటచేసే అన్నకు కడుపులో గుండు తగిలింది. పసరు పెట్టి కట్టాం. రక్తం ఆగలేదు. నకిరేకల్ దాపున ఒక ఊళ్లో మాకు నమ్మకమైన కాంపౌండర్ ఉన్నాడు. ఎడ్లబండి మీద పోతే మర్నాటికి గాని చేరం. అన్న అందాకా ఉండడు. మోటారు సైకిలు మీద తీసుకుపొమ్మని దళనాయకుడు చెప్పాడు. ముందు హ్యాండిల్ సంగతి చూడమన్నాడు.

భాయ్ సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌ను చట్రానికి కట్టి చూశాడు. బండి ఒక పక్కకే గుంజింది. చెక్క బిళ్ల చెక్కి పెడితే బిగించగానే పగిలింది. ఇక మిగిలింది తోలు. మా చెప్పులు కుట్టే తాత, బావి మోటకు కట్టే తోలు ముక్క ఒకటి తీశాడు. రెండు బిళ్లలు కోసి, చెప్పులు కుట్టే ఆరతో నడుమ బెజ్జాలు పొడిచాడు. మంచి తోలు. బిగించాక భాయ్ వాలు మీద నడిపి చూశాడు. చక్రం ఎప్పటిలాగే తలాడించింది.

విప్పి చూస్తే రేకులు నిగనిగలాడుతున్నాయి. తాత బిళ్లలకు ఆముదం పట్టించాడు.

"తోలు కోసినంక నూనె వెట్టకుంటే చెయ్యి ఊకుంటదా," అన్నాడు తాత. "పుట్టినకాడికెళ్లి గదే అలవాటాయె."

"నూనెకు జారుతది తాతా. గట్టిగ పట్టాల్నంటే ఎండిన తోలు గావాలె," అన్నాడు భాయ్.

మోట ముక్కలన్నీ ఆముదం తాగినవే. తుపాకి పట్టీలు కూడా తాత చేతి మీదుగా పోయినవే. నేను నా కుడికాలి చెప్పు విప్పి ఇచ్చాను. దానికి ఎన్నడూ ఆముదం పెట్టలేదు. ఆముదం దీపానికి గాని కాలికా? కాలి కింది అట్ట కట్టెలా బిరుసెక్కింది. మడమ దగ్గర అరిగిందని తాత వేళ్ల వైపు కోశాడు. భాయ్ రేకులను బూడిదతో రుద్దాడు. బిళ్లలు పెట్టి పిడి తిప్పాడు. మమ్మల్ని ముందు చక్రం లేపి పట్టమని, హ్యాండిల్‌ను ఒక వేలితో నెట్టాడు. మెల్లగా కదిలి, వేలు తీసిన చోటే ఆగింది. మరీ బిగిస్తే ఇసుకలో తిప్పుకోలేక పడతామని అక్కడితో వదిలేశాడు.

అన్న పడుకునే ఇదంతా చూస్తున్నాడు.

"చెల్లె, నా పానం నీ చెప్పు కింద వెట్టినవా?"

"పాతదే గని గట్టిది. నువ్వు జర మాట్లాడకుండ ఉండు."

"గట్టిదే ఉంటది. ఇన్నొద్దులు నిన్ను మోసింది గద."

నవ్వబోయి ఆపుకున్నాడు. నవ్వితే రక్తం వస్తుంది.

భాయ్ ముందు, అన్న నడుమ, నేను వెనుక. అన్నను గొంగడితో నా నడుముకు కట్టారు. పోలీసు క్యాంపులు తప్పించుకుంటూ చుట్టు తిరిగి పోయాం. రాళ్లలో చక్రం తలాడించలేదు. వాగు ఇసుక కూడా దాటాం. మొదట్లో అన్న మెల్లగా పొమ్మనేవాడు. తర్వాత అనలేదు. బండి కుదురుగా పోతోంది కాబట్టి నొప్పి తగ్గిందనుకున్నాను.

చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కాంపౌండర్ అన్నను అరుగు మీద పడుకోబెట్టించి, మణికట్టు పట్టి చూసి, రెప్పలు మూశాడు. పోయి చాలాసేపైందన్నాడు. నాకు ఏడుపు రాలేదు. గొంగడి ఉతకాలి అనుకున్నాను.

నిజాం దిగిపోయాక నేను ఇల్లు చేరాను. అమ్మ జొన్న గటక వండిపెట్టింది. ఎట్లా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానన్నాను. మర్నాడు కలుపు తీయడానికి పోయాను.

గుట్ట, ముసురు, చివరికి అన్న ముఖం కూడా ఇప్పుడు మసకే. ఒక్కటి మాత్రం పోదు. ఆ ఊరివాళ్లు అన్నను ఎత్తుకుపోయాక, కాంపౌండర్ ఇంటి ముందు భాయ్ మళ్లీ బండెక్కాడు. నేను ఎక్కబోతుంటే ముందుకు వంగి పిడిని ఎడమకు తిప్పుతున్నాడు. ఎందుకు వదులు చేస్తున్నావని అడిగాను.

"ఇప్పుడు ఇద్దరమే గద చెల్లె," అన్నాడు. "గంత బిగువు అక్కర్లేదు."

వేళ్లు తడిగా ఉండి పిడి జారింది. చొక్కాకు తుడుచుకుని, మళ్లీ తిప్పాడు.