నిలువు అన్నయ్యది, అడ్డం నాది

దయ్యాలంటే నాకు నవ్వు. లెక్కల టీచర్ని. మా చర్చిలో ఎవరైనా దర్శనం చూశానని సాక్ష్యం చెప్పడానికి లేస్తే వాచీ చూసుకునే రకాన్ని. ఇది మాత్రం నా చేతుల్తో నేనే విప్పి చూశాను.

మా అన్నయ్య నెల్లిమర్లలో జూటుమిల్లు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. నేనుండేది చీపురుపల్లిలో. ఇద్దరం ఒకే ఇంగ్లీషు పేపరు తెప్పించుకునేవాళ్ళం, అందులో వచ్చే క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ కోసమే. నిలువు ఆధారాలు తనవి, అడ్డం నావి. ఒకరి వాటాలో ఒకరం వేలు పెట్టం. ఉదయం ఏడున్నరకి ఫోను. "ఒసే, నాది అయిపోనాది. నువ్వింకా ఏటి సేస్తన్నావు?" అనేవాడు. అప్పుడు జవాబులు చెప్పుకుని మిగతా గళ్ళు నింపేవాళ్ళం. ఎక్కడైనా ఒక్క అక్షరం కుదరలేదంటే నేను బడికి బయల్దేరేదాకా పోట్లాటే.

రెండేళ్ళ కిందట అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఒక ఆదివారం వెళ్ళాను. సంతోషిస్తాడని నా పేపరు పట్టుకెళ్ళి మంచం మీద పరిచాను. బుద్ధిలేనిదాన్ని. గళ్ళు చూసి ఏదో చెప్పబోయాడు. శబ్దం వచ్చింది గానీ మాట రాలేదు. కళ్ళంట నీళ్ళు కారిపోయాయి. వచ్చే ఆదివారం వస్తానని లేచాను. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకున్నాడు.

వెళ్ళలేదు. ఆరు ఆదివారాలు వెళ్ళలేదు. పరీక్షలనీ, పేపర్లు దిద్దాలనీ వదినకి ఫోన్లో అబద్ధాలు చెప్పాను. తనని అలా చూడలేకే. క్రాస్‌వర్డ్ జోలికి కూడా పోలేదు. ఏడో శనివారం మధ్యాహ్నం అన్నయ్య పోయాడు.

సమాధి చేసిన రెండో రోజు వదిన పేపర్ల కట్ట చూపించింది.

"మానిపించడం మర్సిపోనానమ్మా. వచ్చినవి వచ్చినట్టే పడీసినాను. నువ్వు పట్టుకెళ్ళు."

నిజంగానే మడత విప్పలేదు. లోపల చీరల కొట్టువాళ్ళ కరపత్రాలు కదల్లేదు. వానకి తడిసి కొన్ని పేజీలు అతుక్కుపోతే నెమ్మదిగా విడదీశాను.

లోపల క్రాస్‌వర్డ్‌లో నిలువు జవాబులన్నీ పెన్సిల్‌తో నింపి ఉన్నాయి. అన్నయ్య రాతే. తను రాసే ఇంగ్లీషు ఎస్ అచ్చం అయిదంకెలా ఉంటుంది. తను ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చిన పేపర్లలో ఏమీ లేదు. నేను వస్తానని చెప్పి లేచిన మర్నాటి నుంచి, పోయిన రోజు దాకా ఉన్నాయి. లెక్కపెట్టాను, నలభై ఎనిమిది. ఆ తర్వాతి పేపర్లు మళ్ళీ ఖాళీ.

వదినని పిలిచి చూపించాను. అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"ఆ సెయ్యి సెంచా కూడా పట్టలేదమ్మా. ఈ పేపర్లు ఆయన మంచం దరికే రాలేదు. ఇంట్లో ఆయనా నానే కదా, ఇంకెవులున్నారు?"

వదినకి ఇంగ్లీషు రాదు. ప్రతి జవాబూ మర్నాటి పేపర్లో వేసినదాంతో సరిచూశాను. ఒక్క తప్పు లేదు. ఎడమ చేత్తో రాశాడనుకుందామంటే ఆ రాత వంకర పోవాలి, ఆ మడతలు విప్పి ఉండాలి. అనుకోవడానికి ఇంకేమీ దొరకలేదు నాకు.

ఇదెలా జరిగిందో ఈ రోజుకీ చెప్పలేను. ఎవరికీ సాక్ష్యం కూడా చెప్పలేదు. అడ్డం గళ్ళలో, నిలువుతో కలిసే చోట తప్ప, ఒక్క అక్షరం వెయ్యలేదు తను. నలభై ఎనిమిది రోజులు నా వాటా నాకు అట్టేపెట్టి ఎదురు చూశాడు. బస్సులో గంట దూరం. నేను వెళ్ళలేదు.