రోవీనా దాచిన మచ్చ

రోవీనా హస్కెల్ మా ఊళ్లో పందొమ్మిదేళ్లు స్కూలు బస్సు నడిపింది. మా నెబ్రాస్కా మంచుతుపానులో కూడా స్టీరింగు మీద ఆమె చెయ్యి వణకలేదు. స్కూలు ఆఫీసులో నా ఉద్యోగం. రోజూ పొద్దున ఇద్దరం కలిసి కాఫీ తాగేవాళ్లం. వాళ్లమ్మ పోయిన సంగతి మాత్రం ఎప్పుడు అడిగినా "రక్తంలో ఏదో తేడా" అని మాట తప్పించేది. ఇంట్లోవాళ్లకూ అదే చెప్పింది. ఆవిడ వీపు మీది నల్లమచ్చ ముదిరి క్యాన్సరైందని రోవీనాకు ఒక్కదానికే తెలుసు.

కూతురు బ్రిన్‌కు పదిహేనేళ్లు వచ్చాయి. ఏప్రిల్‌లో స్కూలు డాన్సుకి ముందు ఆడపిల్లలంతా టానింగ్ దుకాణానికి వెళ్లి, దీపాల పెట్టెలో పడుకుని ఒళ్లు తేనెరంగుకు తెచ్చుకుంటారు. పదహారు నిండని పిల్లలకు తల్లో తండ్రో వెంట వచ్చి సంతకం పెట్టాలి.

"అందరి మధ్యా నేనొక్కదాన్నే తెల్లగా పిండిబొమ్మలా నిలబడనా అమ్మా?"

"పిండిబొమ్మవైతే మాత్రం ఏం? ముద్దుగానే ఉంటావులే."

"నువ్వు నా వయసులో వెళ్లలేదా ఏంటి? ఆల్బమ్‌లో నీ ఫోటోలు చూశాగా!"

ఆ దీపాల వెలుగు ఒంటిమీది మచ్చల్ని క్యాన్సర్‌గా ముదరబెట్టగలదు, అమ్మమ్మ సంగతి అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండానే రోవీనా పిల్లతో దుకాణానికి వెళ్లింది. సంతకం పెట్టి, తనూ పక్క పెట్టెలో పడుకుంది. ఆ నెలంతా వారానికి రెండుసార్లు వెళ్లారు. "పిల్ల నాతో ఇంత చనువుగా ఎప్పుడూ లేదు తెలుసా" అని నా దగ్గర మురిసిపోయింది.

మరుసటి ఫిబ్రవరిలో ఆమె మేజోడు మీద రక్తపు చుక్క చూశాను.

"దోమ కుట్టుంటుందిలే," అంది.

"ఫిబ్రవరిలో దోమా? ముందు డాక్టరు దగ్గరికి నడు."

రక్తం వచ్చిన చోట, పిక్క మీద నల్లమచ్చ ఉంది; దాన్ని కోసి పరీక్షకు పంపారు. వాళ్లమ్మకు వచ్చిన జబ్బే. బ్రిన్‌కు మాత్రం కాలికి బస్సు మెట్టు తగిలిందని చెప్పింది. పిల్లకు అప్పటికి పదహారు నిండాయి, లైసెన్సూ వచ్చింది, దుకాణానికి తానే కారు నడుపుకుంటూ వెళ్లి వస్తోంది. కారు బయల్దేరిన ప్రతిసారీ రోవీనా కిటికీ దగ్గర నిలబడిపోయేది.

చివరికి ఒక ఆదివారం అడ్డం పడింది.

"ఇంక అక్కడికి వెళ్లొద్దు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దంతే."

"పోయినేడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది నువ్వే కదా! ఇప్పుడేమైంది?"

రోవీనా పంట్లాం పైకి మడిచి కుట్లు చూపించింది. అమ్మమ్మ సంగతీ చెప్పేసింది. బ్రిన్ ఏడవలేదు. తువ్వాలు తడిపి, భుజం వెనక రాసుకున్న మేకప్ తుడిచేసింది. అక్కడ అంచులు చెదిరిన నల్లమచ్చ.

"క్రిస్మస్ నించీ ఉంది. నువ్వు చూస్తే దుకాణం మాన్పిస్తావని..."

వారంలో ఆ మచ్చ తీసేశారు. తొలిదశలోనే దొరికింది గానీ, మూడు నెలలకొకసారి ఒళ్లంతా చూపించుకోవాలన్నారు. ఆసుపత్రి బయట కారెక్కాక బ్రిన్ తల్లివైపు తిరిగింది.

"అమ్మమ్మది దాచావు. నీదీ దాచావు. ఇంకేం దాచావు, చెప్పు."

నాలుగు రోజులుగా హ్యాండుబ్యాగులో ఉన్న తన రిపోర్టు రోవీనా తీసి ఇచ్చింది. గజ్జల్లోని గ్రంథికి జబ్బు పాకింది. బ్రిన్ కూడబలుక్కుంటూ ఆఖరి వాక్యం దాకా పైకి చదివింది. తర్వాత చెయ్యి చాపింది.

"తాళాలు ఇటివ్వు. నేను నడుపుతా."

ఇప్పుడు స్కూలు బస్సు మరొకరు నడుపుతున్నారు. రోవీనా మందు ఎక్కించుకోవడానికి లింకన్ నగరానికి వెళ్లి వస్తోంది, బ్రిన్ తీసుకెళ్తుంది. పోయిన వారం స్కానులో ఊపిరితిత్తి మీద శనగగింజంత నీడ కనిపించింది. అదేమిటో డాక్టర్లు ఇంకా తేల్చలేదు. ఈసారి నాకంటే ముందు బ్రిన్‌కే తెలిసింది.