దా నాంగ్ సందులో నేను కుప్ప పోసిన బియ్యపు అప్పడాలు

వియత్నాం అనుకున్నప్పుడే మా ఆయనతో తెగేసి చెప్పాను. "సముద్రం ఒడ్డు హోటల్లో కూర్చుని మనలాంటి టూరిస్టుల మొహాలే చూసేట్టయితే నేను రానండీ. జనం ఉండే సందులో గది తీసుకుందాం." సత్తెనపల్లి దగ్గర మిర్చి కల్లాల్లో పెరిగినదాన్ని, మనుషుల అలికిడి లేకపోతే నాకు తోచదు. అలా దా నాంగ్‌లో, బీచికి నాలుగు కిలోమీటర్ల ఇవతల, లాన్ అనే ఆవిడ ఇంటి మేడ మీద గది కుదిరింది. రోజుకి పన్నెండు వందలు. బీచి దగ్గరైతే మూడు వేలు అడిగారు. విమానాశ్రయం నుంచి కారులో ఇరవై నిమిషాలు.

మర్నాడు ఆరింటికే సందు చివర బండి దగ్గర నూడుల్స్ తిన్నాం. గిన్నె ముప్పై వేల డాంగులు, అంటే మన వంద రూపాయలు. తిరిగొచ్చేసరికి లాన్ ఇంటి ముందు వెదురు తడికెల మీద బియ్యపు అప్పడాలు ఆరబెడుతోంది. పూతరేకులంత పల్చన! ఎదురింటాయన రేపు వాళ్ళ నాన్న తద్దినానికి రెండొందల అప్పడాలు కావాలని చెప్పాడని ఫోన్‌లో తెలుగులోకి మార్చి చూపించి, మార్కెట్‌కి వెళ్ళింది.

పదకొండింటికి మబ్బేసింది. కల్లంలో కాయలుండగా మబ్బేస్తే మా ఊళ్ళో ఎవరివని చూడరు, అందరూ పరుగే. "ఏవండీ, వాకిట్లో ఆ బండి మీద పట్టా లాక్కురండి!" అని అరిచాను. అప్పడాలన్నీ చకచకా ఊడదీసి, మిరపకాయలు రాశి పోసినట్టు వసారాలో ఒకే కుప్ప పోసి, పట్టా కప్పేశాం. ఒక్క చినుకు తగలనివ్వలేదు. నాకెంత గర్వమో!

లాన్ తడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి పట్టా ఎత్తింది. సగం పచ్చిగా ఉన్న అప్పడాలు ఒకదానికొకటి అతుక్కుపోయి పిండిముద్దయ్యాయి. తడికెలతో సహా లోపల పెట్టాలట. ఆవిడ అక్కడే చతికిలబడింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. "ఎంత పని చేశానమ్మా, క్షమించు" అని ఫోన్‌లో చెప్పి చూపించాను.

అంతలో ఎదురింటాయన వచ్చి ముద్దను చూశాడు. లాన్ ఏదో చెప్పింది. నా చేతిలో ఫోన్ ఇంకా వింటూనే ఉంది, దాని మీద తెలుగులో పడింది: "వాన పాడు చేసింది. నేను ఇంట్లో లేను. తప్పు నాదే."

మా ఆయన నా వంక చూశారు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే లేచాను. "వాన కాదండీ, నేను" అని ఫోన్‌లో చెప్పి చూపించాను.

ఎదురింటాయన చదివాడు. "కొట్లో కొంటాంలే. మా నాన్నకి ఈవిడ చేసినవే ఇష్టం" అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

హోటల్లో దిగి ఉంటే నా వల్ల ఎవరికీ నష్టం జరిగేది కాదు, నిజమే. కానీ నిన్న మొన్నటిదాకా మొహం తెలియని నా కోసం ఒకావిడ పొరుగాయన ముందు తల దించుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఇలాంటి పేటలో దిగేవాళ్ళకి ఒక్క మాట: ఇంటివాళ్ళ పనికి సాయపడాలనిపిస్తే, చెయ్యి వేసేముందు ఫోన్‌లో మెసేజ్ పెట్టి అడగండి. లాన్ నంబరు ఆ రోజు నా ఫోన్‌లోనే ఉంది, నేనే పెట్టలేదు.