గవ్వ పుట్టిన చోటికి

భూపాలపల్లి గని కాలనీలో ద్వాళి ఇంటికి ఎవరు వెళ్లినా ముందు మంచినీళ్లు వచ్చేవి, తర్వాత కుర్చీ వచ్చేది. మాటలు ఆ తర్వాతే. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎదురుగా గోడ మీద లంబాడీల గురువు సేవాలాల్ మహారాజ్ పటం, దాని పక్కన మేకుకు వేలాడుతూ ఒక గవ్వల చుట్ట కనబడేవి. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద వేసుకునే గుడ్డ చుట్ట అది. ద్వాళి తల్లి పెళ్లినాడు తెచ్చుకున్నది. ఎర్రరంగు ఎప్పుడో వెలిసిపోయింది గాని అంచు చుట్టూ కుట్టిన గవ్వలు మాత్రం పాలపళ్లలా ఉండేవి.

ద్వాళి పుట్టింది కొత్తగూడ అడవిలోని ఒక తండాలో. చిన్నప్పుడు తల్లి వెంట వాగుకు వెళ్లిన ప్రతిసారీ అడిగేదట, ఈ గవ్వలు ఏ వాగులో దొరుకుతాయని. తల్లికి తెలియదు. ఆ తల్లిని కన్న తల్లికీ తెలియదు. చాలా ఏళ్లకు ద్వాళి కూతురు సౌందర్య చదువుకుని, తొర్రూరు కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో, సెలవుకు వచ్చి ఆ చుట్టను దులుపుతూ తల్లికి చెప్పింది.

"యాడీ, ఇవి వాగులల్ల దొరకయి. సముద్రంల పుడుతయి. ఆఫ్రికా దిక్కు జాంజిబార్ అని ఒక దీవి ఉన్నది. ఎన్కట పడవల మీద ఆడికెళ్లి గూడ మన దేశానికి వచ్చేటియట."

ఆ పూట నుంచి ద్వాళికి ఒకటే పట్టు. భర్త రాంజీ గని నుంచి రిటైరయ్యాక ఇద్దరూ అక్కడికి వెళ్లాలి. సముద్రం కూడా చూడని మనిషి, ఏకంగా సముద్రం అవతలి ఒడ్డుకు ముహూర్తం పెట్టుకుంది.

"మనిషన్నంక కాశికి పోతరు, తిరుపతికి పోతరు. ఆఫ్రికాకు ఎవడన్న పోతడానే?" అన్నాడు రాంజీ.

"ఇన్నేండ్లు నువ్వు భూమి కిందికి పోయినవ్. గాడికెందుకని నేనెన్నడన్న అడిగిన్నా?"



రెండువేల పదకొండు ఎండాకాలంలో ఆయన రిటైరయ్యాడు. హైదరాబాదులో యాత్రలకు తీసుకుపోయే ఒక ఆఫీసును సౌందర్య పట్టుకుంది. రెండు వారాల ప్రయాణం. మొదట కెన్యా, టాంజానియా గడ్డి మైదానాల్లో జంతువులను చూడటం, చివరి రోజులు జాంజిబార్ సముద్రపు ఒడ్డున. బయలుదేరేది దసరా వెళ్లాక. ఆఫీసువాళ్లు చెప్పిన సంగతులన్నీ సౌందర్య రోజూ ఫోనులో తల్లికి వినిపించేది.

"డేరాలల్ల పండుకోవాలెనట యాడీ. రాత్రిపూట బయటికి రావద్దట."

"పులులు తిరుగుతయా?"

"ఆడ పులులుండయి. సింహాలుంటయి."

"గట్లనా. అయితే ఫికర్ లేదు. నాకు పులంటెనే బుగులు."

నల్లబట్టలు, నీలిబట్టలు వేసుకుంటే అక్కడి ఈగలు కుడతాయని, మట్టిరంగువి తెచ్చుకోవాలని చెప్పారు. ద్వాళి రాంజీ పాత ఖాకీ ప్యాంట్లు ముందరేసుకుని, విప్పి, కత్తిరించి, తనకొక అంగీ, ఆయనకొకటి కుట్టింది. తన అంగీ జేబు అంచున మాత్రం ఒక చిన్న అద్దం బిళ్ల కుట్టకుండా ఉండలేకపోయింది. పక్కింటివాళ్లు అటుకులు వేయించి ఇచ్చారు. వెనకింటి ముసలమ్మ వెల్లుల్లి కారం దంచి సీసాలో పోసింది. "ఆ దేశపోళ్లకు గూడ జర రుచి సూపియ్యి బిడ్డా" అంది.

అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం అన్నీ ఆగిపోయాయి. గని ఆగింది, బడి ఆగింది, బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. కాలేజీ పంతుళ్లతో కలిసి సౌందర్య తొర్రూరులోనే దీక్షలో కూర్చుంది. భూపాలపల్లి చౌరస్తాలో వేసిన టెంటుకు రాంజీ పొద్దున్నే వెళ్లేవాడు. అక్కడ ఉపవాస దీక్ష వంతులవారీగా సాగేది. రోజుకొక బృందం పొద్దంతా వట్టి మంచినీళ్ల మీద కూర్చుంటుంది, సాయంత్రం ఎవరో ఒకరు నిమ్మరసం ఇచ్చి లేపుతారు, మర్నాడు ఇంకో బృందం. రిటైరైన కార్మికుల బృందంలో రాంజీ ఉన్నాడు.

"రాంజన్నా, సింహాలతోని జై తెలంగాణ అనిపియ్యాలె మల్ల" అని టెంటులో వాళ్లు ఆటపట్టించేవారు. మొదట్లో ఆయనా నవ్వేవాడు. పోను పోను నవ్వడం మానేశాడు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని మెల్లగా చెప్పాడు.

"నేను రాను ద్వాళీ. నా తోటోళ్లు ఆకలితోని రోడ్డు మీద కూసుంటే, నేను ఏనుగులను సూసుకుంట తిరగాల్నా? నువ్వు పో. బిడ్డను తోలుకపో."

ద్వాళి ఆయన కంచంలో ఇంకో రొట్టె వేసింది. ఆయన మాటలో తప్పు లేదని ఆమెకు తెలుసు. తప్పుంటే పోట్లాడేది.

"ఒక్కదాన్ని పోను, బిడ్డతోని పోను. పోతే ఇద్దరం పోతం" అంది.

ఆ దేశాలకు వెళ్లిరావాలంటే ముందుగా ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. అది హైదరాబాదులో సర్కారు దవాఖానలో, వారంలో చెప్పిన ఒక్క రోజునే వేస్తారు. వేయించుకున్నాక పది రోజులు గడిస్తేగాని ఆ టీకా కాగితం చెల్లదు. విమానానికి పది రోజుల ముందు పడే టీకా రోజు ఇక ఒక్కటే మిగిలింది. అది తప్పితే ప్రయాణం లేదు. "నీకు తోడుగ దవాఖాన దాంక వస్త. నేను మాత్రం ఏయించుకోను" అన్నాడు రాంజీ. ద్వాళి సరేనంది. దారి చాలా ఉంది కదా అనుకుంది.

కాలనీలోనే ఉండే ఉపేందర్ జీపు తీశాడు. కోడి కూసే వేళకు ద్వాళి దేవుడి ముందు దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి వచ్చేసరికి అతను అద్దం మీద ఒక కాగితం అతికిస్తున్నాడు.

"గిదేందిరా?"

"అర్జంటు పేషెంటు అని రాసినక్కా. లేకుంటే రోడ్డు మీద ఆపుతరు. ఎవడన్న తొంగిసూస్తే నువ్వు జర మూలుగు, సాలు."

"దీపం పెట్టి గడప దాటిన నోటితోని అబద్ధం మూలుగాల్నా? తియ్ రా. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్దాం."

ఉపేందర్ కాగితం పీకి జేబులో పెట్టుకున్నాడు. పరకాల దగ్గర సమ్మెవాళ్లు ఆపారు. ద్వాళి తలుపు తీసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆఫ్రికా అన్న మాట విని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత పగలబడి నవ్వారు. "ఇంత పెద్ద అబద్ధం ఎవ్వలు చెప్పరు. నిజమే అయితది, పోనియ్యుండ్రి" అన్నాడు వాళ్లలో పెద్దాయన. ఒకతను తన నీళ్ల సీసా జీపులో పెట్టి మరీ పంపాడు.

జనగామలో మాత్రం రోడ్డే లేదు. రోడ్డంతా వంటశాల అయింది. ఆనాడు అక్కడ వంటా వార్పు. జనమంతా నడిరోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తింటారు. మూడు రాళ్ల పొయ్యిల మీద గుండిగలు ఉడుకుతున్నాయి. తారు మీద కూర్చుని ఆడవాళ్లు వంకాయలు కోస్తున్నారు. అక్కడి నాట్ల కూలీలకు పెద్దదిక్కుగా ఉండే మణెమ్మ గరిట పట్టుకుని జీపుకు ఎదురొచ్చింది.

"యాడికి పోతుండ్రు?"

ద్వాళి చెప్పింది. రెండు గంటలకు దవాఖాన గది మూసేస్తారనీ చెప్పింది. దాచుకోకుండా, గవ్వల సంగతి కూడా చెప్పింది.

మణెమ్మ గరిట కిందికి దించింది. "మంచిగనే ఉన్నది. జీపు పోనిస్తం. గాని గీ రోడ్డు మీద ఇయ్యాల బువ్వ తినకుండ ఎవ్వలు దాటొద్దు. కలెక్టరొచ్చినా గంతే. దిగుండ్రి."

విస్తళ్లు వేశారు. ఉపేందర్ కలుపుకున్నాడు. ద్వాళి కలుపుకుంది. రాంజీ విస్తరి ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా, మా కూర మీ భూపాలపల్లి నోటికి ఎక్కదా?" అంది మణెమ్మ.

"గట్ల కాదక్కా." రాంజీ తల వంచుకున్నాడు. "ఇయ్యాల టెంట్ల నా ఒంతు. ఈడికొస్తి. కూసోకపోయినా ఉపాసమన్న ఉండాలె కద."

ద్వాళి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. పొద్దున తను రొట్టె పెడితే తర్వాత తింటానని మూట కట్టించుకున్నాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. "నాతోని చెప్పద్దా?" అంది.

"ఇంగ గిందుకే ఆమెతోని ఆఫ్రికా గూడ పోనంటున్నడు" అని ఉపేందర్ నోరు జారాడు. "దసరా ఎల్లినంక మల్ల ఒంతొస్తదట."

మణెమ్మ అప్పుడే తన విస్తరిలో అన్నం పెట్టించుకుని కూర్చోబోతోంది. పొద్దుటి నుంచి పొగలో నిలబడి వండిన మనిషి. ఆ విస్తరిని రెండు చేతులా ఎత్తి పక్కన ఉన్న ముసలాయన ముందు పెట్టింది. చేతులు కడుక్కుంది.

"నీ ఒంతు నేను కూసుంట. మా టెంటు గదే, ఆ మూలమీద. నీ పేరు ఏంది?"

"రాంజీ. గాని గది భూపాలపల్లి ఒంతు అక్కా."

"ఆకలికి ఊరు పేరుంటదా? భూపాలపల్లి ఆకలి జనగామల సమజ్ కాదా?" అంటూ లేచింది. "దసరా ఎల్లినంక వచ్చే ఒంతు గూడ నేనే కూసుంట. ఆమె చిన్నప్పటి సంది అడుగుతున్నదట. నువ్వు ఆమెను గా సముద్రం కాడ నిలవెట్టి రా. తిను ముందుగాల, సూది ఏసేకాడ కండ్లు తిరిగి పడతవ్."

చుట్టూ ఉన్నవాళ్లు "తిను పెద్దయ్యా, తిను" అన్నారు. రాంజీ విస్తరి ముందుకు జరుపుకుని అన్నం కలిపాడు. కళ్లకద్దుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాడు.  ద్వాళి తన విస్తరిలోని వంకాయ ముక్క ఆయన విస్తరిలోకి జరిపింది.

బయలుదేరేటప్పుడు కుర్రవాళ్లు పొయ్యిల మధ్య రాళ్లు జరిపి, జీపు పట్టేంత దారి చేశారు. ద్వాళి గవ్వలు కుట్టిన తన చేసంచి అంచు నుంచి ఒక గవ్వను పంటితో దారం కొరికి తీసి, టెంటులో కూర్చున్న మణెమ్మ చేతిలో పెట్టింది.

"ఇది ఉంచుకో అక్కా. ఇది యాడ పుట్టిందో సూసొచ్చి నీకు చెప్త."

దవాఖానకు చేరేసరికి గది ఇంకా తెరిచే ఉంది. సూది వేసే నర్సమ్మ ద్వాళి జబ్బకు దూది రుద్ది, వెనక నిలబడ్డ మనిషిని చూసి అడిగింది. "ఒక్కరికేనా అమ్మా?"

ద్వాళి వెనక్కి తిరగలేదు. ఆ జవాబు తను చెప్పదలచుకోలేదు. వెనక నుంచి చొక్కా చెయ్యి పైకి మడుస్తున్న చప్పుడు వినబడింది.

"ఇద్దరికి" అన్నాడు రాంజీ.

తిరుగు ప్రయాణంలో జనగామ దగ్గర జీపు ఆపమని ఆయనే అడిగాడు. పొద్దు వాలింది. పొయ్యిలు చల్లారాయి. రోడ్డు మీద కరిమచ్చలు మిగిలాయి. టెంటులో మణెమ్మ కొంగు నడుముకు చుట్టుకుని అలాగే కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. దీక్షలో ఉన్నవాళ్లకు నిమ్మరసం ఇచ్చే వేళ అది. రాంజీ ముందుకు నడిచి గ్లాసు అడిగి తీసుకున్నాడు. సూది వేసిన చెయ్యి నొప్పిగా ఉన్నా, ఆ చేతినే కింద ఆసరాగా పట్టి, రెండు చేతులా గ్లాసు ఆమెకు అందించాడు.

"సల్లగుండు అక్కా."

మణెమ్మ తాగి, మూతి తుడుచుకుని, కొంగు ముడి విప్పి చూపింది. అందులో గవ్వ భద్రంగా ఉంది.

"మీరు పోయినప్పటి సంది దీన్నే సూసుకుంట కూసున్న. ఆకలే కాలె" అంది. "సూది ఏయించుకున్నవా?"

రాంజీ చొక్కా చెయ్యి పైకెత్తి జబ్బ చూపించాడు.