పక్కగడిలో పేరు

1989 ఆరంభంలో మా కంపెనీ నన్ను గుంటూరు నుంచి నరసరావుపేటకు డెప్యుటేషన్ మీద పంపింది. నా హోదా సర్వీస్ ఇంజనీరు. వినడానికి బాగానే ఉంటుంది. చేసే పని మాత్రం కంప్యూటర్ కొన్నవారి పక్కన కూర్చుని, వాళ్లకు అది అలవాటయ్యేదాకా మాటలు పడటం. ఆ ఊళ్లో సైదావలి గారని ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని ఉండేవారు. సీసపు అక్షరాలతో కంపోజింగ్ చేసీ చేసీ విసిగి, ఇక కంప్యూటర్ మీద చేద్దామని మా దగ్గర మిషను కొన్నారు. దాన్ని బిగించి, ఆపరేటరుకు పని నేర్పించి రావడం నా డ్యూటీ.

ఆపరేటరు రమాదేవి. తెలుగు టైపు హయ్యరు పాసైంది. సైదావలి గారిని బాబాయ్ అని పిలిచేది, నన్ను సార్ అనేది. ఆ 'సార్'లో మర్యాద కంటే అనుమానం ఎక్కువ వినిపించేది.

ఆ రోజుల్లో తెర మీద రెండు పనులు ఒకేసారి తెరిచి పెట్టుకోవడమే పెద్ద వింత. ఒక్కో పనీ ఒక్కో చట్రంలో కనిపిస్తుంది. దాన్ని మేము విండో అనేవాళ్లం, సైదావలి గారు గడి అనేవారు. గడులను అమర్చడానికి రెండు పద్ధతులు ఉండేవి. మా ప్రోగ్రాం పాత వెర్షన్‌లో అవి నేలకు నాపరాళ్లు పరిచినట్టు పక్కపక్కనే పరుచుకుంటాయి. రెండోది తెరవగానే మొదటిది తనంతట తానే సగానికి తగ్గి చోటిస్తుంది. ఏదీ దేని వెనకా దాగదు. కొత్త వెర్షన్‌లో ఒకదాని మీద ఒకటి పడతాయి, పైనున్నదే కనిపిస్తుంది. రెండు వెర్షన్ల ఫ్లాపీలూ నా సంచిలో ఉన్నాయి.

నాకు పరిచే పద్ధతే ఇష్టం. ఇప్పటికీ అదే ఇష్టం. ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్న తెరను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కావలసింది ఎక్కడుందో వెతుక్కోవాలి, మూల పట్టుకుని లాగాలి, లాగితే ఇంకోటి మూతపడుతుంది. ఇదేం సుఖమో నాకు అర్థం కాదు. రమాదేవి లెక్క వేరు. "సగం తెరలో నావల్ల కాదు సార్. వత్తులు కనపడవు, దీర్ఘాలు కనపడవు. కళ్లు పోతే మీరిస్తారా?" అని నిలదీసింది. ఇద్దరం పట్టు విడవకపోయేసరికి తీర్పు యజమాని దగ్గరికి వెళ్లింది.

"పైసలు పోసి కొన్న అద్దం. సగం కప్పెట్టుకుని కూర్చోడానికా ఏంది? అన్నీ కనపడాల్సిందే" అన్నారు సైదావలి గారు. పాత వెర్షనే ఎక్కించాను. రమాదేవి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక్కడ పాత ప్రెస్సుల ఆచారం ఒకటి చెప్పాలి. పల్నాడులో ఒక ఊళ్లో రెండు పక్షాలుంటే, ఎన్నికలప్పుడు రెండు పక్షాల కరపత్రాలూ చాలాసార్లు ఒకే ప్రెస్సుకు వచ్చేవి. ఒకరి మ్యాటరు ఇంకొకరి కంట పడకూడదు. పడితే ఆ ప్రెస్సు గడప మళ్లీ ఎవరూ తొక్కరు. సీసపు అక్షరాల కాలంలో ఇది పెద్ద కష్టం కాదు. పేర్చిన అక్షరాలు తిరగబడి ఉంటాయి, అలవాటు లేనివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే సైదావలి గారి ప్రెస్సులో పార్టీల వాళ్లు పేర్చిన మ్యాటరు పక్కనే కూర్చుని టీ తాగేవారు. ఆయనకూ అది అలవాటైపోయింది. తెర మీద అక్షరాలు సూటిగా ఉంటాయన్న సంగతి ఆయనకు తెలుసు. తెలియడం వేరు, ఒంటికి అలవాటు కావడం వేరు.

ఆ సీజనులో కారంపూడి వైపు ఒక ఊళ్లో సహకార సంఘం అధ్యక్ష పదవికి పోటీ వచ్చింది. ఒక పక్షం పుల్లయ్య గారిది, రెండోది వీరాంజనేయులుది. పుల్లయ్య గారు ఒకరోజు పొద్దున్నే వచ్చి, తలుపు దగ్గరికి వేయించి మ్యాటరు ఇచ్చారు. కింద సంతకాల్లో శ్రీరాములు అన్న పేరు ఉంది. శ్రీరాములు వీరాంజనేయులుకు సొంత చెల్లెలి భర్త, అప్పటిదాకా ఆయనకు కుడిభుజం. లోపాయికారీగా ఇవతలికి వచ్చేశాడు.

"పోలింగు ముందురోజు దాకా ఈ పేరు బయటికి పొక్కిందా, ఆ మనిషి కాళ్లూ చేతులూ విరగ్గొడతారు సైదా. చంపినా చంపుతారు. నీదే పూచీ" అన్నారు పుల్లయ్య గారు. సైదావలి గారు గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చారు. నేనూ రమాదేవీ అక్కడే ఉన్నాం. ఆ ఊరి సంగతులు వినివున్నవాణ్ని కనుక అది ఉత్త బెదిరింపు మాటగా నాకు తోచలేదు. భయం వేసింది.

ఆ మధ్యాహ్నమే వీరాంజనేయులు అంతకుముందు ఇచ్చివెళ్లిన తన కరపత్రం చూసుకోవడానికి వచ్చాడు. రమాదేవి తెర మీద పుల్లయ్య గారి మ్యాటరు సరిచేస్తోంది. వాకిట్లో గొంతు వినగానే వెలుతురు మీట తిప్పి తెర మసక చేసేసింది. అంతవరకూ బాగానే ఉంది. సైదావలి గారికి కొత్త మిషను చూపించాలన్న సరదా. "రా అల్లుడూ, కూర్చో. నీ కాగితం సినిమా బొమ్మలాగా కనపడతది చూడు" అని కుర్చీ లాగి తెర ముందే కూర్చోబెట్టారు. "అమ్మాయ్, అల్లుడిది తియ్" అన్నారు.

"ఒక్క నిమిషం బాబాయ్" అంది రమాదేవి. ముందున్నది మూసి ఇది తెరవాలని ఆమె ఆలోచన.

"నిమిషం ఏంది, తియ్యమ్మా!" అంటూ ఆయనే చెయ్యి చాపి తెర వెలుతురు పెంచారు. వీరాంజనేయులు ఫైలు ఎలా తెరవాలో నేనే నేర్పాను, మౌస్ అందుకుని అదీ ఆయనే తెరిచారు. పాత వెర్షను తన ధర్మం ప్రకారం తెరను సగానికి చీల్చింది. కుడివైపు వీరాంజనేయులు కరపత్రం. ఎడమవైపు పుల్లయ్య గారి కరపత్రం, అడుగున లావుపాటి అక్షరాల్లో శ్రీరాములు పేరు.

సైదావలి గారు ఒక్క ఉదుటున గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చి తీసేశారు. తెర నల్లబడింది. రమాదేవి పొద్దుటి నుంచి చేసిన పనంతా పోయింది, ఇంకా డిస్కులో సేవ్ చేయలేదు.

"కరెంటు పోయింది" అన్నారు సైదావలి గారు.

వీరాంజనేయులు తలెత్తి పైకి చూశాడు. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. "ఏంది మామా, ఫ్యానును వదిలిపెట్టి డబ్బాకే పోయిందా కరెంటు?" అన్నాడు.

సైదావలి గారు గోడ దగ్గర్నుంచి ఫ్యాను కిందికి వచ్చి నిలబడ్డారు. తర్వాత, "అబద్ధం చెప్పాను అల్లుడూ. అవతలోళ్ల కాగితం ఉంది దాంట్లో. నువ్వు చూడగూడదు. రేపు నీది వాళ్లు చూడగూడదు. తప్పు నాది, ఆ పిల్లది కాదు" అన్నారు. వీరాంజనేయులు ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, "నా కాగితం రేపు చూపియ్" అని లేచి వెళ్లిపోయాడు. చూశాడో లేదో ముఖంలో ఏమీ తెలియలేదు.

ఆ సాయంత్రమే సైదావలి గారు బస్సెక్కి పుల్లయ్య గారి ఊరు వెళ్లారు. వద్దని రమాదేవి బతిమాలింది. చూసి ఉండకపోవచ్చు కదా, మన ప్రెస్సు పేరు మనమే పాడుచేసుకోవడం ఎందుకని ఆమె వాదన. "చూసుంటేనో? ఆ మనిషికి పెళ్లాం బిడ్డలున్నారమ్మా" అన్నారాయన. పుల్లయ్య గారు నానా మాటలూ అన్నారట. ఈయన తలవంచుకుని పడ్డారట. ఏమైతేనేం, ఆ రాత్రికి రాత్రే శ్రీరాములును మాచర్లలో చుట్టాల ఇంటికి దాటించారు. మర్నాడు నేను పాత ప్రోగ్రాం తీసేసి కొత్తది ఎక్కించాను. రమాదేవి మ్యాటరంతా మళ్లీ మొదటి నుంచి కొట్టింది. నా వైపు ఒక్క చూపు చూసింది గానీ ఏమీ అనలేదు, అందుకు ఆమెకు నేనెంతో రుణపడి ఉన్నాను.

పోలింగు దాకా మేం ముగ్గురం సరిగ్గా అన్నం తినలేదు. ఆ ఊరి బస్సు వస్తే చాలు, ఏ కబురు దిగుతుందోనని వాకిట్లోకి వెళ్లి చూసేవాళ్లం. ఏమీ జరగలేదు. శ్రీరాములు పేరుతో కరపత్రం వేళకే బయటికి వచ్చింది. వీరాంజనేయులు కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. చూడలేదన్నమాట, బతికిపోయాం అనుకున్నాం.

నా డెప్యుటేషన్ ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం వీరాంజనేయులు కూతురి ఓణీల ఫంక్షనుకు కార్డులు వేయించడానికి వచ్చాడు. మ్యాటరు ఇచ్చి, సోడా తాగి, తీరిగ్గా అన్నాడు.

"ఆ రోజు చదివాను మామా. మా చెల్లెలి మొగుడి పేరు అంతలావున ఉంటే ఎట్టా కనపడదు? మాచర్లలో ఏ ఇంట్లో దాచారో కూడా మావాళ్లు కనుక్కొచ్చారు."

సైదావలి గారు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశారు. "మరి ఊరుకున్నావే?" అన్నారు.

"చానా కోపమొచ్చింది. నరికేద్దామన్నంత వచ్చింది. కానీ నేను వాడి మీద పడితే ఊరంతా ఏమనుకుద్ది? సైదా మామ కొట్లో కాగితం కారిందనేగా. నువ్వు ఫ్యాను కింద నిలబడి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నోడివి. నీ నోట్లో మట్టి కొట్టి ఆ సీటు నేనేం చేసుకోను?"

శ్రీరాములు ఎట్లా ఉన్నాడని సైదావలి గారు అడిగారు.

"ఉన్నాడు, సిగ్గులేనోడు. కార్డులో మేనమామల కింద కాదు, మేనత్త మొగుడి వరసలో వాడి పేరూ వెయ్యి. ఫంక్షనుకు వాడు రాకపోతే మా చెల్లెలు ఏడుస్తది" అన్నాడు వీరాంజనేయులు.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎన్నో ఆఫీసుల్లో మిషన్లు బిగించాను. ఆపరేటరుకు ఏ అమరిక ఇష్టమని అడగడం మానలేదు. దానికంటే ముందు ఆ తెర ముందు ఇంకెవరెవరు కూర్చుంటారని అడిగేవాణ్ని. జనం వచ్చిపోయే చోట నాకు నచ్చని పద్ధతే ఎక్కించాను. తెర ఏం చూపించాలో ఏర్పాటు చేయడం వరకే మా పని. ఒకసారి కనిపించాక, చూసినవాడు దాన్ని ఏం చేస్తాడన్నది ఏ ఇంజనీరు చేతుల్లోనూ ఉండదు.